ఫోటో దిగేదాక లడ్డు

బెల్లంపల్లిల మా తల్లిగారింట్ల దేవుని పటాల పక్కపొంటి ఇంకో పటం ఉంటది. పేపర్ల పడ్డ నా ఫోటో. మూడు వేల మీటర్ల పరుగుల ఫస్టొచ్చిన దినం మా కోచ్ సారు నా నోట్లె లడ్డు పెడుతుండు, నేను ఇంత నోరు తెరిచి నవ్వుతున్న. అవ్వ దానికి ఫ్రేము కట్టించింది. ఇంటికి ఎవలొచ్చినా ముందుగాల దాన్నే చూపిస్తది. నాకైతే దాన్ని చూస్తే ఒళ్లు మండుతది.

ఎందుకంటే ఆ లడ్డు నేను తినలే. ఫోటో కొట్టుడు అయిపోంగనే సారు జేబులకెల్లి దస్తీ తీసి నా గదువ కింద పట్టిండు. "ఉమ్మెయ్" అన్నడు. మెల్లగ, నవ్వుకుంటనే అన్నడు. ఉమ్మేసిన. ఆయన ఆ దస్తీ మడిచి జేబుల పెట్టుకొని పెద్దమనుషులతోని చేతులు కలపనీకి పోయిండు. నా నాలిక మీద తీపి అట్లనే ఉన్నది. పొద్దుగాల నుంచి కడుపుల చాయ్ తప్ప ఇంకేం లేదు.

మంచిర్యాలల ఆయన గ్రౌండు, హాస్టలు గూడ ఆయనదే. ఆడివిల్ల ఎంత బక్కగుంటే అంత ఉరుకుతది, ఆయనకు తెలిసిన చదువు అదొక్కటే. రాత్రి అన్నం బంద్. గోదారి దాకా ఉరికొచ్చినంక ఒక గుడ్డు, అది గూడ పచ్చసొన తీసేసి. ఎవలన్న ఇంకింత అన్నం అడిగితే "పెండ్లికి తయారైతున్నవా?" అని అందరి ముంగట పరువు తీస్తుండె. మేము గూడ పకపక నవ్వుతుంటిమి, సిగ్గులేనోళ్లం.

మొదట్ల నిజంగనే టైము తగ్గింది. అదే కొంప ముంచింది. బక్కగైన, ఉరికిన, గెలిచిన. సారు దేవుడనుకున్న. తర్వాత ముట్టు ఆగిపోయింది. నెలలు గడిచినా రాలే. అవ్వకు చెప్తే ఇంటికి గుంజుకపోతదని భయం, అందుకే సిగ్గిడిచి సారునే అడిగిన. "మంచిదే గదా, బాడీ తయారైతుంది. పెద్ద రన్నర్లకు గట్లనే ఉంటది" అన్నడు. తెలువకుంటే తెలువదని చెప్పాలె గదా! పదహారేండ్ల పిల్లతోని గా మాట అననీకి నోరెట్లొచ్చింది? వాని నోట్లె మన్ను పడ!

తర్వాతి ఎండకాలం ప్రాక్టీసుల ఎడమ కాలు ముంగటి ఎముక సుర్రుమన్నది. "నొప్పి మనసుల ఉంటది, ఉరుకు" అన్నడు. ఉరికిన. ఒకనాడు గ్రౌండుల కూలవడితే కరీంనగర్ దవాఖానకు తీసుకపోయిన్రు. ఎక్స్‌రేల ఎముక పగిలి ఉన్నది. డాక్టరమ్మ కాలు సంగతి పక్కకువెట్టి "ఏం తింటున్నవ్ బిడ్డా? నెలసరి వస్తుందా?" అని అడిగింది. చేసే కష్టానికి తిండి చాలకుంటే ముందు నెలసరి బందయితది, ఆ తర్వాత ఎముకలల్ల బలం పోతది, ఒంట్లె సత్తువ ఉండదు, ఇంక ఉరుకుడేంది అని తిట్టింది. తిట్టాల్సింది నన్ను కాదు. కాలు అతికింది గని మునుపటి ఉరుకుడు మళ్ల రాలే. ఇప్పుడు ఒక బడిల పిల్లలతోని ఆటలాడిస్తున్న. చలికాలమొస్తే ఆ కాలు ఇంకా గుంజుతది.

ఇగ అసలు లొల్లి మొన్న ఎండకాలం. మా అక్క బిడ్డకు పద్నాలుగేండ్లు, లేడి లెక్క ఉరుకుతది. అక్క నాకు తెలువకుండ దాన్ని సారు దగ్గర ఎండకాలం క్యాంపుకు పంపింది. నడుమ ఒక ఆదివారం తల్లిగారింట్ల కలిసినం. పిల్ల పళ్లెంల అన్నం ఇటు జరిపి, అటు జరిపి, చెయ్యి కడుక్కున్నది. అక్క మురిసిపోయింది. "సారు డైట్ చెప్పిండట. జూన్ల హాస్టల్లనే చేర్పిస్త" అన్నది.

నాకు ఇంకాగలే. "అక్కా, సోయి ఉన్నదా నీకు? నన్ను ఆగం చేసినోని దగ్గరికే దీన్ని పంపుతవా?"

"నీ కాలు ఇరిగిందని ఇంకెవలు ఉరకొద్దా?"

"ఊకెనే ఇరగలే. తిండి పెట్టక ఇరగ్గొట్టిండు."

అక్క గోడ దిక్కు చెయ్యి చూపింది. "తిండి పెట్టలేదా? మరి గదేంది? సొంత చేతులతోని తినిపిస్తుండు గదా!"

దస్తీ ముచ్చట చెప్పిన. మొత్తుకొని చెప్పిన. "గంత పెద్దమనిషి గట్ల చేస్తడా? కోపంల ఏదైనా అంటవ్" అని కొట్టిపారేసింది. అవ్వ నడుమల పడి పిల్లకు ఇంకింత పెరుగు తెచ్చింది. పిల్ల ముట్టలే.

క్యాంపు ఆఖరు దినం పోటీలు పెట్టిన్రు. ఎవలూ పిలువకున్నా నేను పోయిన. అక్క బిడ్డ ఫస్టొచ్చింది. మోకాళ్లు పట్టుకొని వంగితే ఈపు మీది ఎముకలు లెక్కవెట్టొచ్చు. పేపరాయన వచ్చిండు, సారు లడ్డుల డబ్బ తెచ్చిండు. నన్ను చూసి "అరె, నా పాత చాంపియన్! దా, పక్కన నిలవడు" అన్నడు. నిలవడ్డ. అటు దిక్కు అక్క.

సారు పిల్ల నోట్లె లడ్డు పెట్టిండు. పిల్ల నవ్వింది. ఫోటో అయిపోయింది, పేపరాయన పక్కకు మర్లిండు. సారు చెయ్యి జేబులకు పోయింది. తెల్ల దస్తీ బయటికొచ్చింది. ఆయన ఇంకా నోరు తెరవనే లేదు, పిల్ల దానంతట అదే తల వంచి దస్తీ కాడికి నోరు తెచ్చింది.

నేను సారు చెయ్యి గట్టిగ పట్టుకున్న. "దస్తీ లోపల పెట్టు" అన్న. అన్నేండ్ల సంది నోట్లె ఉన్న 'సారు' ఆ దినం రాలే. ఆయన నవ్వనీకి చూసిండు గని నవ్వు రాలే.

"మింగు బిడ్డా." అది నా గొంతు కాదు. అక్కది. "మింగవే!"

పిల్ల సారు దిక్కు చూసింది, తల్లి దిక్కు చూసింది. మెల్లగ మింగింది. అక్క ఆయన చేతులకెల్లి డబ్బ గుంజుకొని, పిల్ల రెక్క పట్టుకొని, "నడువు ఇంటికి" అన్నది. ఆయన ఎనుకకెల్లి హాస్టల్ సీటు పోతదని ఏమో ఒర్రుతనే ఉన్నడు. ఇద్దరం మర్లి చూడలే.

గేటు దాటి ఆటో కోసం నిలవడ్డం. పిల్ల డబ్బ దిక్కు చూసుకుంట నిలవడ్డది.

"అమ్మా, ఇంకోటి తినొచ్చా?"

అడిగింది తల్లిని. చూసింది మాత్రం ఎనుకకు, గేటు దిక్కు.