అత్తకు చెప్పిన సినిమా

ఆరేళ్లుగా ఈ మాటను మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు తెరిచే ధైర్యం ఇప్పటికీ లేదు.

మా మేనత్త ముత్తియాల్‌పేటలో మా పక్కింట్లోనే ఉండేది. మిల్లులో పనిచేసి రిటైరైంది. ఒక్కతే కూతురు, తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. అత్తకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం, రాయడం రాదు. ఆమె ఒక కథ చెబుతుంటే నేను రాశాను. రెండేళ్లకు అది నవల అయింది. సముద్రం లేని ఏదో గ్రహం మీద ఒంటరిగా మిగిలిన తల్లి, చనిపోయిన కూతురి గొంతును ఒక యంత్రంలో దాచుకుంటుంది. రోజూ దానితో పోట్లాడుతుంది, దానికి కథలు చెబుతుంది. పుస్తకం మీద అత్త పేరే వేశారు. న్యాయమే. కథ ఆమెది. మరి నాకెందుకు మండింది? నేను సొంతంగా రాసిన రెండు నవలలు ఎవరూ అచ్చు వేయలేదు, అందుకా?

తర్వాత దాన్ని బొమ్మల సినిమాగా తీశారు. విడుదలకు ముందు మా ఊళ్లోనే వైట్ టౌన్ అనే పేటలో ఒక చిన్న హాల్లో చూపిస్తామని పిలిచారు. ఆ రోజు మోకాళ్ల నొప్పితో అత్త లేవలేకపోయింది. ముందు నన్ను చూసి రమ్మంది. ఆదివారం ఆటకు తాను వస్తానంది.

చూశాను. మొదటి దృశ్యంలోనే ఆ యంత్రం మా ఇళ్లలో మాట్లాడే తెలుగులో, "మా, యాడికి పోయినావు?" అని అడిగింది. హాల్లో ఎవరూ కదల్లేదు. నా పక్కనున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపుతోనే, చివర్లో తెర మీద పేర్లు వస్తుంటే నా పేరు కోసం వెతికాను. లేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త గడపలో కూర్చుని ఉంది.

"ఏంరా కన్నూ, ఎట్లుండాది? నా బిడ్డ బాగుండాదా?"

ఆ క్షణంలో నోరు జారిందని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. దారి పొడవునా సైకిల్ తొక్కుతూ ఆ మాటలే కూర్చుకున్నాను.

"చెడగొట్టినారత్తా. యంత్రాన్ని జోకరు మాదిరి చేసినారు. అది నోరు తెరిస్తే చాలు, జనం ఒకటే నగడం."

"నా బిడ్డని చూసి నగినారా?"

"అవునత్తా."

అత్త గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. ఆదివారం సినిమావాళ్లు పంపిన కారు వస్తే వెనక్కి పంపేసింది. చూసినవాళ్లు వచ్చి బాగుందంటే, తనను బాధపెట్టకూడదని అలా అంటున్నారనుకునేది. మావాడు నాతో అబద్ధం చెప్పడని వాళ్లతోనే అనేది. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి. ఎలా నిలబడ్డాను?

అప్పటికి రెండో కథ సగం చెప్పి ఉంది. మిగతా సగం చెప్పలేదు. అడిగితే, జనం నవ్వడానికి ఇంకొకటి ఎందుకు అనేది.

రెండేళ్లకు మంచాన పడింది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు నేనే తోడున్నాను. ఆ సినిమా నా జేబులోని ఫోన్లోనే ఉంది. ఒక్కసారి వేలితో నొక్కితే ఆమె తన బిడ్డ గొంతు వినేది. కానీ విన్న మరుక్షణం నేనేం చేశానో కూడా తెలిసిపోయేది. ఆమెకు బిడ్డను ఇవ్వడం కన్నా ఆమె కళ్లలో నేను మంచివాడిగా ఉండటమే నాకు ముఖ్యమైంది. పందొమ్మిదో రోజు పోయింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా అది ఆమెకు చేరదు. సినిమా చాలా బాగుంది. ఎవరూ నవ్వలేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాసేశాను.