ఎర్ర అట్ట తగిలించని పూట

ఆసుపత్రి కంప్యూటరు గదిలో పనిచేసే ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు. యాభై ఏళ్ల జీవితంలో ఆయన ఎవరినీ సలహా అడిగిన పాపాన పోలేదు. దారి తప్పినా, దారే తనని తప్పిందన్నట్టు నడిచే మనిషి. అంతటివాడికి సిగ్గుపడకుండా అడగదగ్గ ప్రాణి లోకంలో ఒక్కటే దొరికింది. అది డీబగ్గర్.

కంప్యూటరుకి వరసగా అప్పజెప్పిన పనుల జాబితాని స్క్రిప్టంటారు. అదెక్కడ తడబడుతోందో తెలియడానికి లైను లైనుకీ ఆపి నడిపించేది డీబగ్గర్. "హెల్ప్" అని కొడితే తనకి తెలిసిన ఆజ్ఞలన్నీ ఏకరువు పెడుతుంది. "ఇన్ఫో" అంటే ఏ లైనులో ఆగామో, ఎందుకాగామో విన్నవించుకుంటుంది. ఎదురుప్రశ్న వెయ్యదు. ఈ ఒక్క గుణానికే బాబాయ్ దానికి దాసోహమన్నాడు. ఇంట్లో "కూరేమిటి?" అంటే "ఏం తెచ్చారు?" అని జవాబొచ్చే మనిషాయన.

ఆయన రాసిన స్క్రిప్టు రక్తనిధి ఫ్రిజ్‌ని కాపలా కాసేది. ఐదు నిమిషాలకోసారి లోపలి వేడి చూసి, హద్దు దాటితే స్టోరు చూసుకునే అక్క ఫోను మోగించేది. ఫ్రిజ్‌కున్న సొంత గంట మూగబోయి రెండేళ్లయింది. కొత్త గంట కోసం పెట్టిన అర్జీ ఇంకా ప్రయాణంలోనే ఉంది. అంచేత స్క్రిప్టుని ఆపిన వాళ్లు స్టోరు తలుపుకి ఎర్ర అట్ట తగిలించాలి. అది చూసి అక్క పావుగంటకోసారి తనే వెళ్లి చూసుకుంటుంది. అదీ ఏర్పాటు.

ఆ ఉదయం అక్క విసురుగా వచ్చింది.

"బాబాయ్, నీ మెషీను పొద్దున్నించీ ఊరికే మోగి చంపుతోంది. పరిగెత్తుకెళ్తే లోపలంతా చల్లగానే ఉంటోంది."

"చూస్తాలే."

"చూస్తాలే కాదు. రేపు వడ్రంగి భార్యకి ఆపరేషను. ఆవిడ గ్రూపు రక్తం చుట్టుపక్కలెక్కడా లేదు. మన దగ్గరున్నవి మూడే సంచులు."

"రెండు నిమిషాల పనమ్మా."

"నీ రెండు నిమిషాలు నాకు తెలీవూ! ముందు అట్ట తగిలించు."

స్క్రిప్టుని దాని నకలు మీదే పరీక్షించాలన్నది నియమమే. కానీ నకలుకి థర్మామీటరు లేదు గనక అది మహా బుద్ధిగా నడుస్తోంది. అందుకని బాబాయ్ అసలుదాన్నే డీబగ్గర్‌లో పెట్టి, అరవై రెండో లైను దగ్గర ఆపాడు. ఎర్ర అట్ట బయటికి తీశాడు కూడా. రెండు నిమిషాల భాగ్యానికి మెట్లు దిగి ఎక్కడం దేనికని, దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

"ఇన్ఫో" కొట్టాడు. ప్రోగ్రాం ఆగి ఉంది, అరవై రెండో లైను, అంది డీబగ్గర్. తప్పు దొరకడానికి గంట పట్టింది. థర్మామీటరు జవాబివ్వని క్షణాన వచ్చే ఖాళీని స్క్రిప్టు జ్వరం కింద లెక్కేస్తోంది. దిద్దాడు. అక్కడితో నడిపించేస్తే సరిపోయేది. కానీ "హెల్ప్" చిట్టాలో ఎన్నడూ చూడని ఆజ్ఞలు కనిపించాయి. ఒక్కోదాని గురించీ వినయంగా అడిగాడు, అది వినయంగా చెప్పింది. మధ్యమధ్య "ఇన్ఫో" అడిగి, ఆగి ఉందని విని, ఎంత చక్కగా చెబుతోందో అని మురిసిపోయాడు.

కింద స్టోర్లో పదకొండింటికే ఫ్రిజ్ ఫ్యూజు పోయింది. తలుపుకి అట్ట లేదు, ఫోనూ మోగలేదు కాబట్టి, మెషీను రోగం కుదిరిందనుకుని అక్క నిశ్చింతగా ఉంది. రెండింటికి తలుపు తీస్తే మొహానికి వెచ్చటి గాలి కొట్టింది.

అక్క పైకొచ్చి తెర వైపు చూసింది. టీ గ్లాసు కింది అట్టనీ చూసింది. అరవలేదు.

"ఆగుందని నీకు తెలీదా బాబాయ్?"

"తెలుసు. నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ చెప్పింది."

సంచులన్నీ పారబోయించారు. ఆపరేషను వాయిదా వేశారు. ఆవిడ అన్నాళ్లు ఆగగలదా అంటే డాక్టరు పెదవి విరిచాడు. మర్నాటి నుంచి రానక్కర్లేదని బాబాయ్‌కి ఎంతో మర్యాదగా, మూడు ప్రతుల్లో తెలియజేశారు.

కాగితం జేబులో పెట్టుకుని మెట్లు దిగుతుంటే బెంచీ మీదున్న వడ్రంగి లేచి నిలబడ్డాడు.

"కంప్యూటరు బాబు మీరేనటండీ? రక్తం మళ్లీ ఎప్పుడొస్తుందో అందులో తెలుస్తుందా?"

"తెలీదు."

"మరెవర్ని అడగాలండీ?"

"రక్తం నావల్లే పాడైంది. దాని కాపలా ఆపింది నేనే," అన్నాడు బాబాయ్.

వడ్రంగి ఆయన మొహంలోకి చూశాడు. ఏమర్థమైందో గాని కాస్త తేరుకున్నాడు.

"ఆపింది మీరేనా? అయితే మీరే మళ్లీ నడిపించెయ్యండి, బాబూ. ఎంతసేపైనా ఇక్కడే కూర్చుంటా," అని బెంచీ మీద జరిగి, బాబాయ్‌కి కూడా చోటిచ్చాడు.