తీర్థం పోసింది సారు, తిట్లు తిన్నది నేను

దసరా సెలవులైనంక ఈరోజే మా ఇబ్రహీంపట్నం ఇంజినీరింగ్ కాలేజీ తెరిచిన్రు. కంప్యూటర్లు చూసుకునేది నేనే. పోంగనే ప్రిన్సిపాల్ సారు అందరి ముంగట నా మీదికి లేచిండు.

"సెలవుల ముందు నువ్వు వేసిన సెక్యూరిటీ అప్‌డేట్ వల్లే నా కంప్యూటర్ చచ్చిందయ్యా!"

ఆ కంప్యూటర్ సీపీయూ డబ్బా విప్పి చూసిన. లోపలంత కుంకుమ కలిసి ఎండిన కొబ్బరి నీళ్లు! ఆయుధపూజ నాడు దాని నెత్తిమీద కొబ్బరికాయ కొట్టింది ఈ సారే.

"సార్, లోపలికి నీళ్లు పోయినయ్" అన్న.

"తీర్థంతో ఎక్కడైనా పాడవుతుందా? అది అప్‌డేటే!"

దేవుని మీదికి నెట్టలేడు, తన మీద ఏసుకోడు, ఇగ దొరికింది నేను. మీ ఆఫీసులల్ల గూడ ఇట్లనేనా? వచ్చే దసరాకు సారు కొత్త సెల్‌ఫోన్ మీద నేనే కొబ్బరికాయ కొడత. తీర్థమే గద, ఏం గాదు!