గోధూళి లగ్నంలో కుంకుడు బుడగలు

మా ఆడబిడ్డ పెండ్లికి పురోహితుడు గోధూళి లగ్నం పెట్టాడని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

పిల్లకు రేచీకటి. పగలంతా సూదిలో దారం ఎక్కించగలదు. పసులు ఇంటికి మళ్ళే వేళకు మాత్రం ఆమె కళ్ళ ముందు బూడిద చల్లినట్టు అయిపోయేది. లాంతరు వెలుగులో మనకు అందరి ముఖాలూ తెలుస్తాయి. ఆమెకు లాంతరు ఒక్కటే తెలిసేది. కరువు ఏండ్లలో గంజి కేంద్రం ముందు గిన్నె పట్టుకుని నిలబడిన పిల్ల. ఆకుకూర ముఖం చూడని ఆ రోజుల్లోనే ఆ జబ్బు పట్టుకుంది.

మాది కోయిలకుంట్ల పక్క పల్లె. మగపెండ్లివారు ఎర్రగుంట్ల వైపు సేద్యగాళ్ళు. పిల్లను చూడడానికి మిట్టమధ్యాహ్నం వచ్చారు, చూశారు, మెచ్చి పోయారు. రేచీకటి సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి చేద్దామని నేను మా అత్తతో అన్నాను.

"మూడో తరగతి సదివినావని నాకు నీతులు సెప్తాండావా? సెప్తే పోతారు. పోతే ఇంగెవరు వస్తారు? నువ్వు సేసుకుంటావా?" అని ఆమె నా నోరు మూయించింది.

లగ్నం మార్చమని అడిగితే ఎందుకని అడుగుతారు. కాబట్టి అడగలేదు. అప్పుడు మా మరిది, అంటే పిల్లకు చిన్నన్న, కడప నుంచి దిగాడు. అతను నాటకాల వాళ్ళ వెంట తిరిగి దీపాలు పెట్టే పని నేర్చినవాడు. సంగతంతా విని నవ్వాడు.

"లగ్నం మారకపోతే ఏమిలే వదినా, అసలు పొద్దే కుంకనీకుండా సేస్తా."

గ్యాసు లైట్లు రెండు తెప్పించాడు. ఒకటి వంటల దగ్గరికి, ఒకటి పందిట్లోకి. అక్కడితో ఆగితే అతను మా మరిది ఎందుకవుతాడు? కమ్మరి ఇంటికి పోయి కొలిమి తిత్తి అడిగి తెచ్చాడు. దాని మూతికి ఆముదపు ఆకుల బోలు కాడలు గుత్తిగా కట్టాడు. కుంకుడు రసంలో తుమ్మబంక కలిపి, కాడల కొనలు అందులో ముంచి తిత్తి నొక్కితే బుడగలు గుంపుగా లేచేవి. ఇక పాత జల్లెడ చట్రానికి నాటకాల వాళ్ళ దగ్గర తెచ్చిన ఎర్ర, పచ్చ, నీలం రంగుల గాజులాంటి పల్చని కాగితాలు అతికించాడు. దీపం ముందు దాన్ని తిప్పితే పందిరంతా రంగులు మారేది.

"వెలుతురు కావల్లంటే లైటు సాలదా? ఈ సోకులెందుకప్పా?" అన్నాను.

"పిల్ల కాలు తడబడితే ఎవురన్నా సూస్తారు గదా వదినా. అందరి కండ్లూ పైకి పోవల్ల. పైకి సూసేటోడు కిందికి సూడడు."

ఆ మాటలో తెలివి ఉంది, అది కాదనను. కానీ ఆ ఏడు మా బావి అడుగంటింది. నీళ్ళు బండి మీద వస్తున్నాయి. బుడగల కోసం కుంకుడుకాయలు కొట్టివ్వడానికి నా చెయ్యి రాలేదు. పెండ్లివాళ్ళ తలంట్లకు పిసికిన కుంకుళ్ళనే మళ్ళీ నానబెట్టి ఆ రసం ఇచ్చాను. ఇంకో మాట కూడా చెప్పాను. వేడి చిమ్నీ మీద తడి చెయ్యి పెడితే పగులుతుందని లాంతర్లు తుడిచే ప్రతి ఆడదానికీ తెలుసు. ఆ బుడగల్ని గ్యాసు లైటు గ్లాసు దగ్గరికి పోనీయకు అన్నాను.

"గాలి ఇటు నుంచి అటు పోతాంది వదినా, భయం లేదు" అన్నాడు.

పెండ్లినాడు ఎండ పడమటి గుట్ట మీద ఉండగానే గ్యాసు లైటు వెలిగించి పందిట్లో కొయ్యకు తగిలించాడు. పిల్లను లోపలి నుంచి నేనే నడిపించుకొచ్చాను. నా చేతిలో ఆమె చెయ్యి చల్లగా ఉంది. "గడప" అని గొణిగాను, దాటింది. "మెట్టు" అన్నాను, దిగింది. సరిగ్గా అప్పుడే మా మరిది ఒక చేత్తో చట్రం తిప్పుతూ తిత్తి నొక్కాడు.

ఏ మాటకామాటే, పందిరి పందిరంతా నోరు తెరిచింది. బుడగలు ఎర్రగా లేచి, పచ్చగా మారి, నీలంగా పగిలిపోయేవి. ముసలివాళ్ళు కర్రలు పైకెత్తి పొడవబోయారు. "ఏంరా ఇది, దేవలోకం బంతులా!" అని ఒకాయన అరిచాడు. మేళగాళ్ళు వాయించడం మరిచారు. పిల్ల కూడా తలెత్తింది. పొద్దు వాలాక ఆమె అట్లా తలెత్తి ఒకదాన్ని చూడడం నేను ఎన్నడూ ఎరగను. ముఖమంతా తేటపడింది.

ఒక్క మనిషి మాత్రం పైకి చూడలేదు. పెండ్లికొడుకు తల్లి. ఎత్తైన మనిషి, మాట తక్కువ. ఆమె చూపు నా చేతిలో ఉన్న పిల్ల చేతి మీద ఉంది. నేను గట్టిగా పట్టుకున్న తీరు మీద ఉంది.

పీటల మీద కూర్చోబెట్టారు. మధ్యలో తెర పట్టారు. పొద్దు గుట్ట దిగింది. పురోహితుడు పిల్ల అరచేతిలో జీలకర్ర బెల్లం పెట్టి, తెర మీదుగా పెండ్లికొడుకు నెత్తిన పెట్టమన్నాడు. ఆ వేళకే గాలి మళ్ళింది. ఒక గుంపు బుడగలు నేరుగా లైటు మీదికి పోయాయి. నేను అరవబోయేలోగా టప్పుమని గ్లాసు పగిలింది. లోపలి బత్తి రాలింది, వెలుగు ఆరిపోయింది.

మిగిలినవాళ్ళకు అదేమంత చీకటి కాదు. ఆకాశంలో ఇంకా ఎరుపుంది, రెండు లాంతర్లు ఉన్నాయి, పీటల దగ్గర దీపపు కుందులు ఉన్నాయి. "పెట్టమ్మా, పెట్టు" అన్నాడు పురోహితుడు. పిల్ల చెయ్యి చాచింది. తెర మీద నిలిచిన ఆ చెయ్యి కుడికి పోయింది, ఎడమకు వచ్చింది, ఏమీ తగలక గాలిలో ఆగిపోయింది. ఎదురుగా మూరెడు దూరంలో పెండ్లికొడుకు తల ఉంది.

"ఏమమ్మా, పాపకు కండ్లు కనపడవా?" అంది పెండ్లికొడుకు తల్లి. గొంతు పెంచలేదు. అయినా పందిట్లో అందరికీ వినిపించింది.

మా అత్త క్షణం ఆలస్యం చేయలేదు. "కుంకుడు నురగ పడింది కంట్లో. ఆ దిక్కుమాలినోడు ఊదిన బుడగలు! మంటకు కండ్లు తెరవలేకుండా ఉండాది. కావల్లంటే మా కోడల్ని అడుగు, పక్కనే ఉండాది గదా."

నమ్మదగ్గ అబద్ధమే. అందరి మీదా ఆ చినుకులు పడ్డాయి, ఇద్దరు ముగ్గురు అప్పటికే కళ్ళు నులుముకుంటున్నారు. అత్త నా వైపు చూసింది. పెండ్లికొడుకు తల్లీ నా వైపే చూసింది. నేను కాదంటే పెండ్లి నా నోటి మాటతో చెడుతుంది. ఔనంటే పిల్ల ఆ ఇంట్లో ప్రతి సాయంత్రం ఏదో ఒక నురగ పేరు చెప్పుకోవాలి.

"లగ్నం దాటిపోతాంది" అన్నాడు పురోహితుడు.

"నురగ గాదు."

ఆ మాట పిల్ల అంది. చాచిన చెయ్యి దించలేదు, తల తిప్పలేదు. "నా కండ్లు మండలేదు. నాకు పొద్దుగూకితే కనపడదు. కరువప్పటి నుంచీ ఇంతే."

పెండ్లికొడుకు తండ్రి లేవబోయాడు. తెర పట్టుకున్నవాళ్ళ చేతులు జారి తెర సగం కిందికి వచ్చింది. నేను పెండ్లికొడుకు తల్లినే చూస్తున్నాను. ఆమె లేచి వచ్చింది. పిల్ల మణికట్టు పట్టుకుంది, మెత్తగా కాదు, గొడ్డు పలుపు పట్టినట్టు పట్టుకుంది. ఆ చేతిని లాగి కొడుకు నెత్తిన అదిమింది.

"ఈడ ఉండాడు నా కొడుకు. పెట్టు."

అప్పుడు మేళగాళ్ళకు బుద్ధి వచ్చి వాయించారు.

తాళి పడినాక ఆమె మా అత్త దగ్గరికి వచ్చింది. "కరువు మీ ఇంటికే వచ్చిందా? మా ఇంట్లోనూ ఇద్దరికి వచ్చె రేచీకటి. దానికి మేక కార్జం ఉండాది, మునగాకు ఉండాది. నీ అబద్ధానికి ఏం తినిపించల్లమ్మా?"

ఆ తల్లి మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. కోడలిని తానే చెయ్యి పట్టుకుని బండెక్కించింది. మా మరిదిని చూసి, "ఏమప్పా, నీ దీపాలు నీవే ఎత్తుకుపో" అంది. అతను కుంకుడు బంకకు బిగుసుకుపోయిన తిత్తిని కమ్మరికి తిరిగిచ్చి తిట్లు తిన్నాడు. జల్లెడ చట్రం నేను దాచాను. కాగితాలు పీకేసి వల వేయిస్తే మళ్ళీ పిండికి పనికొచ్చింది.

చాలా నెలలు పిల్లను పుట్టింటికి పంపలేదు. కబురూ లేదు. మా అత్త రోజూ వాకిట్లో కూర్చుని ఆ దారినే చూసేది, నాతో ఆ సంగతి ఎత్తేది కాదు.

పంపినప్పుడు ఒళ్ళు చేసి వచ్చింది. సాయంత్రం నా పక్కన కూర్చుని చేటలో కొర్రల్లోంచి రాళ్ళు ఏరుతోంది. ఊరి మాటలు, అత్తగారి మాటలు చెప్పుకుంటున్నాం. ఆమె అత్త మాట కరుకే గానీ మొదటి మునగాకు ముద్ద తనకే పెడుతుందట.

"పెండ్లిలో మొగుని మొగం సూడనే లేదు వదినా. నేను సూసింది ఆ బుడగలే" అంది నవ్వుతూ.

పొద్దు గుట్ట దిగింది. వాకిలి మసకబారింది. పాత అలవాటు కొద్దీ నేను లేచి లాంతరు దించి, అగ్గిపెట్టె తీశాను.

"ఎందుకు వదినా అప్పుడే? కిరసనాయిలు దండగ" అంది పిల్ల, చేటలోంచి ఇంకో రాయి తీసి పారేస్తూ.

అగ్గిపెట్టె మళ్ళీ గూట్లో పెట్టాను.