ఊదనంటే ఊదనన్న మేస్త్రి

తాగేవాడి మాటను లోకం నమ్మినంత సులువుగా మానేసినవాడి మాటను నమ్మదు. ఈ మహత్తర సత్యం మా పాలిష్ మేస్త్రికి మందు మానేశాకే బోధపడింది. తాగే రోజుల్లో "రెండే పెగ్గులు" అంటే ఇంట్లోవాళ్లు పోనీలే అనుకునేవారు. ఇప్పుడు "ముట్టలేదు" అంటే గడప దగ్గరే అక్క అడ్డం నిలబడి "ఏదీ, ఊదు" అంటోంది.

పైగా వృత్తి కూడా అతని మీద పగబట్టింది. కుర్చీలకూ బల్లలకూ మెరుపు తెచ్చే లక్కను స్పిరిట్‌లోనే కరిగించాలి. పొద్దున్నుంచీ ఆ వాసనలో నానిన చొక్కాతో సాయంత్రం బస్సెక్కితే పక్క సీటు దానంతటదే ఖాళీ అవుతుంది. 'స్పిరిట్టు' అనే బిరుదు తాగే రోజుల్లో ఇచ్చారు. మానేశాక దాన్ని వెనక్కి తీసుకునే ఉద్దేశం ఫర్నిచర్ కార్ఖానాలో ఎవరికీ లేదు.

పాత మిత్రులు వడ్రంగీ, వ్యాను డ్రైవరూ సాయంత్రాలు పిలవడం మానేశారు. "నువ్వు సోడా తాగుతూ మా మొహాలు చూస్తుంటే కిక్కు దిగిపోతోంది బావా" అని వడ్రంగి నిజాయితీగా చెప్పేశాడు.

ఇక మిగిలింది కుషన్లు కుట్టే ఆవిడ. భోజనాల వేళ ఆమె మిషను పక్కన కూర్చుని చెప్పుకునే నాలుగు కబుర్లే రోజు మొత్తానికి అతను మనుషులతో మాట్లాడే మాటలు. ఆమె తాగుబోతు మొగుణ్ణి వదిలేసి వచ్చిన మనిషి. ఒకరోజు ధైర్యం చేసి ఆమెను ఆదివారం పార్కుకి రమ్మన్నాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "మానేశానని మీ అంతట మీరే చెప్పుకుంటే ఎలా మేస్త్రీ? ఇంకెవరైనా చెప్పాలి" అంది.

పక్కగదిలో ఉన్న మిత్రులు విన్నారు. వాళ్ల స్నేహధర్మం పొంగింది. మర్నాడు మధ్యాహ్నం సాక్ష్యం చెప్పడానికి బయల్దేరారు. అంత గంభీరమైన పనికి కాస్త ధైర్యం కావాలి గనక, దాన్ని పూర్తిగా పుచ్చుకునే వచ్చారు.

"చెల్లెమ్మా! మా బావ చుక్క ముట్టాడని తేలితే నా నాలుక కోసుకుంటా!" అన్నాడు వడ్రంగి. ఆ నాలుక అప్పటికే సగం పనిచేయడం లేదు.

"నిప్పు అక్కా, నిప్పు!" అంటూ డ్రైవరు కుట్టుమిషనుకి దండం పెట్టాడు.

మేస్త్రి అప్పుడు ఆ పక్కనే పెద్ద భోజనాల బల్లకి ఆఖరి పూత వేస్తున్నాడు. దూదిని గుడ్డలో చుట్టిన ముద్ద బల్ల మీద ఆనిందంటే సున్నాలు చుడుతూ తిరుగుతూనే ఉండాలి. ఆగితే అంటుకుని మచ్చ పడుతుంది. అందుచేత అతని కోపం కూడా సున్నాలు చుడుతూనే వెలువడింది.

"ఎవడ్రా మిమ్మల్ని రమ్మంది? తాగినన్నాళ్లూ ఒక్కడైనా వద్దురా అన్నాడా? మానేశాక ఒక్కడైనా టీకి పిలిచాడా? ఇప్పుడొచ్చి, కంపు కొడుతూ, నా పరువు నిలబెడతారా? ఫోండి!"

"కోప్పడకు బావా" అంటూ వడ్రంగి వెనకనుంచి కావలించుకున్నాడు. చెయ్యి ఆగింది. బల్ల మీద అరచేతంత మచ్చ పడింది.

మేస్త్రి ఇద్దరి కాలర్లూ పట్టుకుని గేటు దాటించి వచ్చాడు. ఆమె బల్ల దగ్గర నిలబడి ఉంది.

"ఊదమంటారా?" అన్నాడు పళ్లు కొరుకుతూ. "మా అక్క ఊదమంటుంది, ఓనరు ఊదమంటాడు, మీరూ అనండి! ఊదను. ఇక జన్మలో ఎవరికీ ఊదను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి."

"తాగే రోజుల్లో కూడా ఇంత కోపం వచ్చేదా?"

"రానిచ్చేవాణ్ణి కాదు. వచ్చేలోపే గొంతులో పోసేవాణ్ణి."

ఆమె వంగి మచ్చవైపు చూసింది. "మా ఆయనకి కోపమొస్తే చేతికందిందల్లా పగిలేది. నువ్వు అంత తిడుతూ కూడా, వాడొచ్చి పట్టుకునేదాకా బల్ల పాడవకుండా చూసుకున్నావు. ఈ మచ్చ పోతుందా?"

"ఆరాలి. ఆరాక రుద్ది, మళ్లీ మొదట్నుంచి వెయ్యాలి."

ఆమె తన స్టూలు లాక్కొచ్చి బల్ల పక్కన వేసుకుంది.

"నా కోపం మాత్రం ఇప్పట్లో చల్లారదు" అన్నాడు.

"చల్లారమని ఎవరన్నారు? ఆదివారం దాంతోనే రా. ఆ చొక్కా మాత్రం వేసుకు రాకు."