మా ఆయన పిట్టల కొలువు

మా ఆయన కేశవరావు గారు చెడ్డవారు కారు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. తాగరు, పేకాడరు, పరాయి ఆడదాని వంక చూడరు. ఆ మాటకొస్తే కట్టుకున్నదాని వంకా చూడరు. రెండువేల సంవత్సరం చలికాలమంతా ఆయన చూసింది మా పెరటి కంచె మీద వాలే పిట్టలని.

సొంతూరు సామర్లకోట. బీకాం అత్తెసరు మార్కులతో గట్టెక్కి, కాకినాడలో ఎరువుల కంపెనీలో గుమాస్తాగా చేరారు. నన్ను చేసుకున్నదీ ఆ ఉద్యోగం మీదే. తొంభై ఏడులో ఊరూవాడా కోబాల్, కోబాల్ అని ఒక పాత కంప్యూటర్ భాష కోసం ఊగిపోయింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలు అనుకుంటాయట, బ్యాంకులు మూతపడతాయట, విమానాలు రాలిపోతాయట. ఈయన అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసి, ఆ ప్రళయం నుంచి లోకాన్ని కాపాడతానని బయలుదేరారు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే పక్కనే నిలబడి పేపరు చదువుకునే మనిషి.

తొంభై ఎనిమిదిలో వాసుదేవరావు గారనే కన్సల్టెన్సీ ఆయన మమ్మల్ని సిడ్నీ తీసుకొచ్చారు. బ్లాక్‌టౌన్‌లో అద్దె ఇల్లు, వెనక పెద్ద పెరడు. ఒక బీమా కంపెనీలో పని. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోటల్లా వెతికి నాలుగు చేయాలి. అంతే. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని మా అమ్మమ్మ అంటుండేది. ఆ సామెతకు నెలనెలా జీతమిస్తారని ఆవిడకు తెలియదు పాపం.

రెండువేలు రానే వచ్చింది. హార్బర్ మీద బాణసంచా కాల్చారు. కరెంటు పోలేదు, బ్యాంకు మూతపడలేదు, ఒక్క విమానమూ రాలలేదు. మార్చిలో మా ఆయన ఉద్యోగం మాత్రం పోయింది.

దాన్ని ఉద్యోగం పోవడం అనకూడదట. "బెంచి మీద ఉన్నాను" అనాలట. పని లేకుండా పని కోసం కాచుకుని కూర్చోవడానికి వాసుదేవరావు గారు పెట్టిన ముద్దుపేరు అది. మా వీసా ఆయన కంపెనీ పేరు మీద ఉంది. నేను, మా పిల్ల గీతిక మా ఆయన వీసాకు తోకలం. ఆగస్టు ఆఖరుకు ఇంకో ప్రాజెక్టు దొరక్కపోతే స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకుంటానని వాసుదేవరావు గారు ఫోన్లో చల్లగా చెప్పారు. అంటే పెట్టెలు సర్దుకుని, ఆరేళ్ళ పిల్లని బళ్ళోంచి లాగి, సామర్లకోట వెళ్ళి మా అత్తగారి వసారాలో కూర్చోవాలి.

ఇంత గొడవ నెత్తి మీద ఉంటే ఈయన చేసిన పని ఏమిటంటే, పారమాట్టాలో పాత సామాను కొట్లో ఒక కెమెరా కొన్నారు. దాని వెనక తలుపుకి చిన్న గడియారం. తీసిన ప్రతి ఫోటో మూలన తేదీ, గంట, నిమిషం నారింజ రంగులో పడతాయి. ఏ పిట్ట ఏ వేళకి వస్తుందో తెలియాలి కదా అన్నారు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె.

నేను వెస్ట్‌మీడ్‌లో ఒక పెద్ద ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్ని. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉండగా రైలెక్కేదాన్ని. నేను గుమ్మం దాటేసరికి ఈయన పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, ఒళ్ళో కెమెరాతో సిద్ధం. కంచె మీద ఇడ్లీ ముక్కలు. నేను రుబ్బి, పులియబెట్టి, వేసిన ఇడ్లీలు. చలికి కొండల మీంచి కరవాంగ్ అనే నల్ల పిట్టలు దిగివస్తాయట, వాటికి ఆకలట. మరి నాకు? లాబ్‌లో మధ్యాహ్నం బ్రెడ్డుముక్క కొరుకుతూ, నా ఇడ్లీ ఏ కాకి తింటోందో అనుకునేదాన్ని.

"కాకి కాదు శ్యామా, కరవాంగ్. దాని కన్ను చూడు, పసుపు."

"నా కళ్ళు కూడా పచ్చబడుతున్నాయి, చూశారా?"

వినిపించుకోరు. సాయంత్రం నేను రాగానే గీతిక ఎదురొచ్చి "అమ్మా, నాన్న గాట్ ఎ కింగ్ ప్యారట్ టుడే" అనేది, అదేదో ప్రాజెక్టు దొరికినట్టు. ఇక్కడ ఫోటోలు కడిగేదీ మందుల షాపుల్లోనే, అలా కడిగించినవి బల్ల నిండా పరిచేవారు. ఎర్ర పొట్ట చిలకలు, బూడిద రెక్కల గలా చిలకలు, నోరు తెరిచి నవ్వే కుకబరా పిట్ట. బాగుండేవి. అదే నా ఒళ్ళు మండించేది. ఇంత ఓపిక, ఇంత చూపు ఉద్యోగంలో ఎక్కడ చచ్చింది?

ఆ రోజుల్లో తెలుగువాళ్ళెవరు కలిసినా ఒకటే మాట, జావా. పక్క వీధి సుమంత్ ఆరు వారాల్లో జావా నేర్చేసుకుని సిటీలో ఒలింపిక్స్ తాలూకు ప్రాజెక్టులో దూరిపోయాడు. ఓ ఆదివారం వాళ్ళింట్లో బార్బీకి, అంటే పెరట్లో నిప్పుల మీద కాల్చుకు తినే విందుకి, పిలిచాడు. మొక్కజొన్న కంకులు తిరగేస్తూ "అన్నా, కోబాల్ ఈజ్ డెడ్, జావా పట్టుకో, ఐ విల్ గివ్ ది బుక్స్" అన్నాడు. మా ఆయన తలూపారు. పుస్తకాలు తెచ్చుకున్నారు కూడా. వాటిని కుర్చీ మీద వేసుకుని, కంచె అవతల కొమ్మ సరిగ్గా కనబడేలా ఎత్తుగా కూర్చున్నారు.

జులైలో, అంటే ఇక్కడ నడి చలికాలంలో, కాన్‌బెర్రాలో ఇంటర్వ్యూ వచ్చింది. పద్దెనిమిదో తారీకు, పదకొండున్నరకి. ఏదో ప్రభుత్వ శాఖ వాళ్ళకి ఇంకా పాత ప్రోగ్రాములు ఉన్నాయట. వాసుదేవరావు గారు "ఇదే లాస్ట్ ఛాన్స్ కేశవ్" అన్నారు. తెల్లవారకుండా అయిదింటికి మా డొక్కు కరోలా ఎక్కించి పంపాను. రాత్రి పొద్దుపోయాక తిరిగొచ్చారు. బూట్లు తడిసి ముద్దయ్యాయి. కాన్‌బెర్రాలో వాన అన్నారు. ఇంటర్వ్యూ ఎలా అయిందంటే, "ఓకే. నాట్ బ్యాడ్. కాల్ చేస్తామన్నారు."

ఆ కాల్ కోసం పది రోజులు కాచుకున్నాను. లాబ్ నుంచి మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి మరీ అడిగేదాన్ని. దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను.

పదకొండో రోజు స్టేషన్ నుంచి వస్తూ మందుల షాపులో ఆయన కడగడానికిచ్చిన ఫిల్మ్ రోలు తాలూకు ఫోటోలు నేనే తీసుకున్నాను. ఇంటికొచ్చి కవరు చింపితే అంతా మంచు. కొండల మీద మంచు, కంచెల మీద మంచు, మంచు బరువుకి వంగిపోయిన జామాయిల్ చెట్లు. ఒక కొమ్మ మీద ఎర్రగా, నీలంగా ఓ చిలక రెక్కలు ముడుచుకుని కూర్చుంది. అంత అందమైన ఫోటో ఆయన అంతకు ముందు తీయలేదు. మూలన నారింజ అంకెలు: 18, 11:35.

రెండేళ్ళు ఇంకొకళ్ళ కంప్యూటర్లలో తేదీలు దిద్దిన మహానుభావుడు, తన కెమెరాలో తేదీ ఆపడం మర్చిపోయారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన వంటింట్లో గీతికకి పాలు కలుపుతున్నారు. పిల్లని టీవీ ముందుకు పంపేసి అడిగాను.

"ఇంటర్వ్యూ ఎన్నింటికండీ?"

"పదకొండున్నరకి. చెప్పాగా."

ఫోటో ఆయన ముందు పెట్టాను. "మరి పదకొండు ముప్పై అయిదుకి ఈ చిలకేనా మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసింది?"

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయారు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కాన్‌బెర్రా వెళ్ళాను శ్యామా, అబద్ధం కాదు. ఎనిమిదిన్నరకే బిల్డింగ్ ముందు కారు పెట్టాను. చాలా టైం ఉంది. దూరంగా కొండలు తెల్లగా కనిపించాయి. కొంచెం దూరం వెళ్ళి చూసొద్దామనుకున్నా. సగం దారిలో వెనక్కి తిప్పితే అందుకునేవాణ్ణి. తిప్పలేదు."

"ఎందుకు తిప్పలేదు?"

"లోపలికెళ్ళి ఏం చెప్పను? రెండంకెలు నాలుగు చేయడం వచ్చని చెప్పనా? ముందటి అయిదు ఇంటర్వ్యూల్లోనూ జావా వచ్చా అన్నారు, రాదంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. నీకు చెప్పలేదు. నువ్వు ఎలాగూ ఇంట్లో నవ్వుతావు."

నేను ఊరుకోలేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. చవట అన్నాను. పిల్ల నోటికాడి కూడు పిట్టలకి వేశారన్నాను. మా నాన్న కళ్ళు మూసుకుని ఇచ్చి చేశాడన్నాను. ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు, దాంతో నాకు ఇంకా రెచ్చిపోవాలనిపించింది. ఆ ఊపులోనే "మీ ఉద్యోగం ఎవడిక్కావాలి, రేపట్నుంచి నా తోక మీరు" అని గదిలోకి వెళ్ళి, బీరువాలో చీరల అడుగునున్న ఉత్తరం తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాను.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. ఇంతసేపూ మీకూ చెప్పలేదు. మా లాబ్ వాళ్ళు నన్ను పర్మనెంట్ చేస్తాం, కుటుంబం మొత్తానికి మేమే స్పాన్సర్‌షిప్ ఇస్తాం, సరేనంటే కాగితాలు పంపండి అని రాశారు. మళ్ళీ రెండుసార్లు అడిగారు కూడా. ఆలోచించి చెబుతానన్నాను. ఎందుకంటారా? పెళ్ళాం వీసా మీద మొగుడు బతుకుతున్నాడని మా తోటికోడలు సుగుణ సామర్లకోటంతా చాటుతుందని. మగవాడే సంపాదించి గట్టెక్కించాలని. ఇవి నాకు నేను చెప్పుకున్న కారణాలు. అసలు కారణం ఇంకోటి ఉంది. ఆయన ఓడిపోతుంటే నాకు కోపం వచ్చేది, ఆ కోపం నాకు బాగుండేది. పొద్దున్నే రైల్లో కూర్చుంటే, ఈ ఇంటిని నేనొక్కదాన్నే మోస్తున్నానన్న పొగరు వెచ్చగా ఉండేది. ఆయనకి ఈ ఉత్తరం చూపిస్తే అది పోతుంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఏ కాగితమైనా పైనుంచి కిందికి, ఒక్క అక్షరం వదలకుండా చదువుతారు. అది ఆయన పని కదా. కింద దాకా వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళి, కుడివైపు మూలన ఆగిపోయారు.

"మే తొమ్మిదా?" అన్నారు.

నేను పాలగ్లాసు పక్కకి జరిపాను.

"ఇది మే తొమ్మిదిన వచ్చింది. నా మొదటి ఇంటర్వ్యూ మే ఇరవై మూడు." గొంతు పెంచలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. "కాన్‌బెర్రాతో కలిపి ఆరు."

అవతల గదిలో గీతిక టీవీ చూసి కిలకిలా నవ్వుతోంది. పాలగ్లాసు చల్లారిపోయింది.

ఆయన కళ్ళజోడు తీసి, నా వంక తిన్నగా చూశారు. పిట్టని చూసేటప్పుడు ఉండే ఆ ఓపిక లేదు ఆ చూపులో. నన్నింక చూడాల్సిన పనిలేదన్నట్టు ఉంది.

"ఆరుసార్లూ నా చొక్కా నువ్వే ఇస్త్రీ చేసి ఇచ్చావు కదా శ్యామా" అన్నారు.

కాగితం మీద నా వీసాకి తోకగా తను సంతకం ఎక్కడ పెట్టాలో అడిగారు, చూపించాను, పెట్టారు.