ఏసీ వ్యాన్‌లో నిద్రపోయిన కథ

నిరుడు మా తిరుమలగిరి బస్తీకి ఉచిత క్యాన్సర్ పరీక్షల వ్యాన్ వచ్చింది. భయంతో ఆడవాళ్లెవరూ ఎక్కడం లేదు. కోతలు కోయడంలో నాకెవరు సాటి!

"నేనెప్పుడో చేయించుకున్న. చల్లటి ఏసీల నిద్రే పట్టింది" అన్నాను.

"అయితే ముందు నువ్వే ఎక్కక్కా!" అంటూ పక్కింటి యాదమ్మ నన్ను లోపలికి తోసింది.

పరీక్ష చేసిన డాక్టరమ్మ రొమ్ములో చిన్న గడ్డ ఉందంది. దిగి ఆ మాటే చెబితే అందరూ పగలబడి నవ్వారు.

"ఏందక్కా, ఇంకో కథ షురూ చేసినవా?"

డాక్టరమ్మ దిగి వచ్చి, నిజమే, పెద్దాసుపత్రిలో చూపించాలంది. నవ్వులు ఆగిపోయాయి. యాదమ్మ గబగబా వ్యాన్ ఎక్కింది, వెనకే బస్తీ అంతా!

నాది క్యాన్సరే. తొలిదశ కాబట్టి నయమైంది. మొన్న వ్యాన్ మళ్లీ వచ్చినప్పుడు బస్తీకి కొత్తగా వచ్చినవాళ్లకు ఇదంతా చెబితే, ఇదీ నా కోతేనని నమ్మలేదు. యాదమ్మే అరిచింది:

"అక్క చెప్పినవాటిల గిదొక్కటే నిజం. జెల్ది ఎక్కుండ్రి!"